దూరపు తెలుగువారికి వకాల్తా పట్టిన సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడు గారు

ఉగాది సంచికలో ఒక పెద్దవారి జీవితమును స్మరించుకొనుట మన సంఘములలో వాడుకగా వస్తున్నది. సాధారణముగా కవులను, సంఘసంస్కర్తలను, స్వాతంత్ర్య సమరములో జైళ్ళకు వెళ్ళినవారిని తలచుకొంటాము. ఈసారి మేము ఆ మూడు వరుసలలోను చేరని ఒక పెద్దమనిషిని చదువరుల ముందుకు తెస్తున్నాము. ఆయన ఏలూరు ప్లీడరు. మద్రాసు రాజధానిలో మంత్రి. దక్షిణాఫ్రికాలో భారత ప్రభుత్వపు ఏజంటు. 1936లో మూడు నెలలకు పైగా మద్రాసు గవర్నరు, అనగా సాక్షాత్తు చక్రవర్తికి ప్రతినిధి. మరుసటి సంవత్సరము అదే రాజధానికి ప్రధానమంత్రి. ఇన్ని పీఠములు ఎక్కిన తెలుగువారు ఆ కాలములో అరుదు. అయినను ఈనాడు సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడు గారి పేరు వినియుండిన ఇండ్లు కూడ అరుదే.

మమ్ము ఆయన వైపు తిప్పినవి ఆ పదవులు కావు. బ్రతుకుతెరువు కొరకు ఊళ్ళు విడిచి వచ్చినవారము మనము. మనలో నలుదిక్కులవారు ఉన్నారు. కొందరిది తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకా, వెంకటమ్మనహళ్లి వంటి పల్లెలు. ఊరి పేరు చివర కన్నడపు హళ్లి. చాల ఇండ్లలో మాట మాత్రము తెలుగు. మూడు వైపుల ఆంధ్రసీమ చుట్టుకొని ఉన్నను తాలూకా పాత మైసూరు రాజ్యమునకు చెందినది గనుక బడి చదువు, కచేరీ కాగితము కన్నడములోనే. అటువంటి ఊళ్ళలో పుట్టినవారికి ఒక సంగతి చిన్ననాడే అర్థమవుతుంది. సర్కారువారు గీసిన హద్దు దగ్గర భాష ఆగిపోదు. మరి హద్దుకు ఆవల పడిన తెలుగువాని పక్షమున మాటలాడేవారెవరు? ఈ ప్రశ్నకు నాయుడు గారి జీవితములో ఒక జవాబు ఉన్నదని మాకు తోచినది. అందువలననే ఈ వ్యాసము.

నాయుడు గారు 1875లో రాజమహేంద్రవరములో జన్మించినారు. న్యాయశాస్త్రము చదివి ప్లీడరీ వృత్తిలో ప్రవేశించి, ఏలూరులో పేరు తెచ్చుకొన్నారు. అది ప్లీడర్లకు మంచి కాలము. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన తరువాత గోదావరి డెల్టా పల్లెలకు కాలువ నీరు వచ్చినది. నీటితో పంట, పంటతో భూమికి ధర, ధరతో దావాలు వచ్చినవి. గట్టు తగాదాలు, పంపకపు తగాదాలు, దత్తత తగాదాలు, జమీందారుకు రైతుకు మధ్య శిస్తు తగాదాలు. కృష్ణ కాలువ గోదావరి కాలువ కలిసే ఏలూరు పట్టణములో ఈ వ్యాజ్యములకు కొదువ ఉండేది కాదు. గోచీ కట్టిన రైతు తన గోడు తెలుగులో చెప్పుకొంటే, ప్లీడరు దానిని ఇంగ్లీషు చట్టపు మాటలలోనికి మార్చి న్యాయాధిపతి ముందు పెట్టవలెను. వకాల్తానామా మీద వ్రేలిముద్ర పడిన క్షణము నుండి ప్లీడరు నోట వచ్చేది తన మాట కాదు, కక్షిదారు మాట. నాయుడు గారు జీవితమంతయు ఈ పనియే చేసినారు. కక్షిదారులు మాత్రము మారుతూ వచ్చినారు.

మొదటి పెద్ద వకాల్తా రాజకీయములలో వచ్చినది. 1916లో చెన్నపట్టణములో పిట్టి త్యాగరాయ చెట్టిగారు, డాక్టరు టి. ఎం. నాయరు గారు మొదలైనవారు కలిసి జస్టిస్ పార్టీకి పునాది వేసినారు. జనాభాలో ఎక్కువ భాగమైన బ్రాహ్మణేతరులకు చదువులలోను కొలువులలోను తగిన పాలు లేదని, రాబోయే రాజ్యాంగ సంస్కరణలలో వారికి స్థానములు కేటాయించవలెనని ఆ పార్టీ వాదము. ఏలూరు ప్లీడరు ఆ పార్టీలో చేరి ముందు వరుసకు వచ్చినారు. 1919లో బ్రిటిషు పార్లమెంటు సంఘము ముందు సాక్ష్యమిచ్చుటకు పార్టీ లండనుకు ఒక బృందమును పంపినప్పుడు అందులో నాయుడు గారు ఉన్నారు, కోక అప్పారావు నాయుడు గారు ఉన్నారు, ఆర్కాటు రామస్వామి ముదలియారు గారు ఉన్నారు. బృందమునకు నాయకుడైన డాక్టరు నాయరు గారు సాక్ష్యమివ్వక ముందే ఆ జూలైలో లండనులోనే కన్నుమూసినారు. మిగిలినవారు పని పూర్తి చేసినారు. చివరకు 1920లో మెస్టన్ ప్రభువు తీర్పు ప్రకారము మద్రాసు శాసనసభలో 28 స్థానములు బ్రాహ్మణేతరులకు కేటాయింపబడినవి.

ఆ సంవత్సరము చివరనే కొత్త శాసనసభకు ఎన్నికలు జరిగినవి. గాంధీ మహాత్ముని సహాయ నిరాకరణోద్యమమును అనుసరించి కాంగ్రెసువారు వాటిని బహిష్కరించినారు. జస్టిస్ పార్టీ గెలిచినది. 1920 డిసెంబరులో సుబ్బరాయలు రెడ్డియారు గారు ముఖ్యులుగా ముగ్గురు మంత్రులు ప్రమాణము చేసినారు. రెండవవారు తరువాత పానగల్ రాజా అని పేరు పొందిన పానుగంటి రామారాయణింగారు. మూడవవారు నాయుడు గారు. వ్యవసాయము, పరిశ్రమలు మొదలైనవి గల అభివృద్ధి శాఖ వీరి చేతికి వచ్చినది. ద్వంద్వ ప్రభుత్వమని పిలిచిన ఆ ఏర్పాటులో ఖజానా, పోలీసు, రెవిన్యూ గవర్నరు చేతిలోనే ఉండేవి; మంత్రులకు వచ్చినది పని ఎక్కువ, డబ్బు తక్కువ గల శాఖలు. ఆ ఇరుకులోనే, కొత్త పరిశ్రమలు పెట్టేవారికి ప్రభుత్వము అప్పులిచ్చి ఆదుకొనుటకు వీలు కల్పించిన చట్టమును 1922లో మద్రాసు శాసనసభ చేసినది. అది వీరు మంత్రిగా ఉన్న కాలమునాటి పని.

ఇక్కడ ఒక సంగతి దాచకుండ చెప్పుకోవలెను. నాయుడు గారికి మూడేళ్ళు పెద్దవారైన టంగుటూరి ప్రకాశం పంతులు గారు కూడ గోదావరి ఒడ్డున ప్లీడరీ చేసి పైకి వచ్చినవారే. 1921లో ప్రకాశం గారు వేలకొలది రూపాయల ఆదాయము గల బారిష్టరీని వదలి ఉద్యమములోనికి దూకినారు. అదే సంవత్సరము నాయుడు గారు మంత్రి కుర్చీలో ఉన్నారు. చీరాల పేరాల ప్రజలు పురపాలకమును వద్దని ఊరు విడిచి పాకలలో కాపురముండినది ఆ రోజులలోనే. తెలుగుదేశపు గుండె ఏ వైపు కొట్టుకొన్నదో చెప్పనక్కరలేదు. నాయుడు గారు వేరొక బాటను ఎంచుకొన్నారు. ప్రభుత్వము లోపల ఉండి, చట్టము ఇచ్చిన మేరకు సాధించుట ఆ బాట. 1923లో రెండవ ఎన్నికల తరువాత ఏర్పడిన మంత్రివర్గములో ఆయనకు చోటు దొరకలేదు. సొంత పార్టీయే పక్కన పెట్టిన తరువాత ఆయన 1928లో జినీవాలోని నానాజాతి సమితి సభలకు భారత ప్రతినిధివర్గములో ఒకరుగా వెళ్ళినారు. ఆ మరుసటి ఏడు వచ్చిన పిలుపే ఆయన జీవితములో ముఖ్యమైనదని మా అభిప్రాయము.

ఆ పిలుపు దక్షిణాఫ్రికా నుండి. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో అను ఓడ మద్రాసు రేవు నుండి 342 మందిని ఎక్కించుకొని డర్బను చేరినది. చెరకు తోటల యజమానులకు కూలీలు కావలెను. మన దేశములో కరవుకు కొదువ లేదు. ఐదేండ్ల కట్టడి మీద అట్లు పోయినవారి సంఖ్య 1911లో ఆ పద్ధతి ఆగిపోవునాటికి లక్షా యాభై రెండు వేలు. వారిలో ఎక్కువమంది మద్రాసు రాజధానివారే. గంజాము, విశాఖపట్టణము, గోదావరి జిల్లాల నుండి, ఉత్తర ఆర్కాటు నుండి తెలుగువారు వేలకొలది పోయినారు. కట్టడి తీరిన తరువాత అక్కడే నిలువదలచినవారి మీద నేటాలు ప్రభుత్వము 1895లో మూడు పౌనుల తలపన్ను వేసినది. గాంధీగారి సత్యాగ్రహము ఫలితముగా 1914లో ఆ పన్ను పోయినది గాని తక్కిన బాధలు పోలేదు. ఓటు లేదు. ఇల్లు ఎక్కడ కొనవలెనో, కొట్టు ఎక్కడ పెట్టవలెనో తెల్లవారు నిర్ణయించేవారు. 1927లో రెండు ప్రభుత్వములకు కేప్‌టౌనులో ఒక ఒప్పందము కుదిరినది. తిరిగి స్వదేశము పోదలచినవారికి డబ్బు సహాయము, అక్కడే ఉండేవారికి చదువు సంధ్యలలో మెరుగు అన్నవి అందులోని ముఖ్యాంశములు. ఆ ఒప్పందము అమలును కనిపెట్టి ఉండుటకు భారత ప్రభుత్వము అక్కడ ఒక ఏజంటును పెట్టినది. మొదటి ఏజంటు వి. ఎస్. శ్రీనివాస శాస్త్రిగారు. 1929లో ఆయన తరువాత ఆ కుర్చీలో కూర్చున్నవారు నాయుడు గారు. ఆ పదవికి వచ్చిన మొదటి తెలుగువారు ఆయనే.

ఏజంటు అనగా ఏమి అధికారము? చెప్పుకొనదగినది ఏమియు లేదు. శాసనసభలో ఓటు లేదు, ఒక జవానును బదిలీ చేసే శక్తి లేదు. మంత్రుల దగ్గరకు పోవుట, వాదించుట, వ్రాయుట, మరల పోవుట. కాని ఓటు లేని జనమునకు ప్రభుత్వపు తలుపు తట్టగల చేయి అది ఒకటే. పాతికేళ్ళు ప్లీడరుగా ఉన్నవానికి తగిన పని. శాస్త్రిగారు పట్టుబట్టి విరాళములు పోగు చేయించిన శాస్త్రి కళాశాల డర్బనులో 1929లో ప్రారంభమైనది. భారతీయుల పిల్లలకు ఉన్నత పాఠశాల చదువు, దేశము నుండి రప్పించిన ఉపాధ్యాయులు, ఉపాధ్యాయులుగా తయారగుటకు శిక్షణ. శాస్త్రిగారు నాటిన ఆ మొక్క నిలద్రొక్కుకొన్న మొదటి సంవత్సరములు నాయుడు గారు అక్కడ ఉన్న సంవత్సరములే.

అంతలోనే పెద్ద దెబ్బ తగిలినది. 1930లో ట్రాన్స్‌వాలులో భారతీయుల ఇండ్ల స్థలములను, కొట్లను అదుపులో పెట్టే బిల్లు ఒకటి పార్లమెంటులోనికి వచ్చినది. దానిని ఆపుటకు ఏజంటు చేయగలిగినది వాదము ఒక్కటే. 1932 ఆరంభములో కేప్‌టౌనులో రెండవ రౌండు టేబులు సమావేశము జరిగినది. సర్ ఫజల్-ఇ-హుస్సేన్ నాయకత్వమున వచ్చిన భారత బృందములో శ్రీనివాస శాస్త్రిగారు, సరోజినీదేవిగారు ఉన్నారు. నాయుడు గారును ఉన్నారు. నూటికి ఎనుబది మంది భారతీయులు ఆ గడ్డ మీదనే పుట్టినవారు, వారిని స్వదేశము పొమ్మనుటలో అర్థము లేదు అను సంగతిని ఆ సమావేశము ఒప్పుకొన్నది. కాని ట్రాన్స్‌వాలు బిల్లు ఆగలేదు. మార్పులతో అదే సంవత్సరము చట్టమైనది. ప్లీడరు గారు ఓడిపోయిన కేసులలో ఇది పెద్దది. ఆ సంవత్సరమే కున్వర్ మహారాజ్ సింగు గారికి పదవి అప్పగించి ఆయన తిరిగి వచ్చినారు.

అయితే ఆ మూడేళ్ళలో జరిగిన ఒక చిన్న పని ఉన్నది. ప్రభుత్వ దస్త్రములలో దానికి పెద్ద విలువ ఉండదు. మనవంటి సంఘములకు మాత్రము అది ముఖ్యము. దక్షిణాఫ్రికాలో తెలుగువారు అరవవారికన్న తక్కువ సంఖ్య. ఇద్దరు మద్రాసు రేవు నుండి ఓడ ఎక్కినవారే గనుక పై వారి దృష్టిలో అందరు మద్రాసీలు. ఓడ చీటీలలో తెలగ, కాపు, కమ్మ, గవర అని పలు విధములుగా వ్రాయించుకొన్నవారు రెండు తరములు గడిచేసరికి చాలమంది నాయుడు అను ఒక్క పేరు కింద చేరినారు. ఇంటిపేర్లు కొన్ని పోయినవి. ఊళ్ళ పేర్లు కొన్ని తప్పుగా గుర్తున్నవి. బడిలో తెలుగు లేదు. ఆ సమయములో భారత ప్రభుత్వపు ప్రతినిధిగా వచ్చిన దొరవంటి మనిషి తెలుగువాడని తెలిసినప్పుడు ఆ చెరకు తోటల జనమునకు ఎట్లుండియుండునో ఊహించుకోవచ్చును. తాతలనాడు సముద్రము దాటిన తరువాత, వారి మాటను అర్థము చేసికొనగల అధికారి ఒకరు వారికి కనబడినారు. 1931లో డర్బనులో ఆంధ్ర మహాసభ ఏర్పడినది. దాని పుట్టుకకు నాయుడు గారి ప్రోత్సాహము తోడైనది. తెలుగు నేర్పుట, పండుగలు జరుపుట, చెదరినవారిని ఒకచోట చేర్చుట ఆ సభ పెట్టుకొన్న పనులు.

స్వదేశము చేరిన నాయుడు గారిని 1934లో మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక సభలో సభ్యునిగా తీసుకొన్నారు. 1936 జూన్‌లో గవర్నరు ఎర్స్‌కిన్ ప్రభువు సెలవు మీద వెళ్ళినప్పుడు, జూన్ 18 నుండి అక్టోబరు 1 వరకు ఆ స్థానమున నాయుడు గారు కూర్చున్నారు. అంతకు రెండేళ్ళ ముందు సర్ మహమ్మదు ఉస్మాను గారు ఇట్లే తాత్కాలిక గవర్నరుగా ఉండినారు. తెలుగువారిలో మాత్రము నాయుడు గారే మొదటివారు. ఇందులో ఒక చరిత్ర ముడి ఉన్నది. సెంట్ జార్జి కోట నిలిచిన ఇసుకనేలను 1639లో ఇంగ్లీషు కంపెనీకి పట్టా వ్రాసి ఇచ్చినది దామెర్ల వేంకటాద్రి నాయకుడు. తెలుగు నాయకుడు ఇచ్చిన నేల మీద, దాదాపు మూడు వందల ఏండ్ల తరువాత, ఒక తెలుగు ప్లీడరు చక్రవర్తి ప్రతినిధిగా కూర్చున్నాడు. ఆ కుర్చీ కింద ఉన్న అధికారము మాత్రము అప్పటికి కూడ లండనుదే. ఈ రెండు మాటలను కలిపియే చెప్పుకొనుట న్యాయము.

1937 ఫిబ్రవరి ఎన్నికలలో మద్రాసు శాసనసభలోని 215 స్థానములలో కాంగ్రెసు 159 గెలిచినది. జస్టిస్ పార్టీ కూలిపోయినది. దాని నాయకుడైన బొబ్బిలి రాజాగారే వరాహగిరి వేంకటగిరి గారి చేతిలో ఓడిపోయినారు. కాని గవర్నర్లు తమ ప్రత్యేకాధికారములను వాడబోమని హామీ ఇచ్చేవరకు మంత్రివర్గము ఏర్పరచమని కాంగ్రెసు పట్టుబట్టినది. గవర్నరు ముందుగా శ్రీనివాస శాస్త్రిగారిని అడిగినారు; ఆయన వద్దన్నారు. తరువాత అడిగినది నాయుడు గారిని. ఆయన ఒప్పుకొన్నారు. ఏప్రిల్ 1వ తేదీన, రాష్ట్ర స్వపరిపాలన మొదలైన రోజున, దేశమంతట హర్తాళ్ జరుగుచుండగా, శాసనసభలో బలము లేని మంత్రివర్గమునకు ఆయన ప్రధానమంత్రి అయినారు. జూలై 14న రాజగోపాలాచారి గారు పదవి స్వీకరించువరకు, అనగా మూడున్నర నెలలు, ఆ ప్రభుత్వము నడిచినది.

ఈ పనిని మేము సమర్థించలేము. ప్రజలు స్పష్టముగా వద్దన్న పక్షమువారు, ప్రజలు ఎన్నుకొన్నవారు బయట నిలిచి ఉండగా, గవర్నరు పిలిచినాడని గద్దెనెక్కుట ప్రజాస్వామ్యము కాదు. శాస్త్రిగారు కూడ కాంగ్రెసువాది కాదు. అయినను ఆయనకు ఆ హద్దు కనిపించినది. నాయుడు గారికి కనిపించలేదో, కనిపించినా పరిపాలన ఆగరాదని తలచినారో, ఫలితము ఒకటే. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత వ్రాసిన చరిత్రలలో ఆయన పేరు ఈ మూడున్నర నెలల కింద పడి నలిగిపోయినది.

విచిత్రమేమన్న, ఈయన జీవితములో శాస్త్రిగారి నీడ మూడుసార్లు కనబడుతుంది. దక్షిణాఫ్రికాలో శాస్త్రిగారు దిగిన కుర్చీలో నాయుడు గారు కూర్చున్నారు. మద్రాసులో శాస్త్రిగారు కాదన్న కుర్చీలో కూర్చున్నారు. 1940లో చిదంబరములోని అణ్ణామలై విశ్వవిద్యాలయమునకు శాస్త్రిగారి తరువాత ఉపాధ్యక్షులుగా వెళ్ళినవారును నాయుడు గారే. ఆ పదవిలో రెండేళ్ళు పనిచేసి, 1942లో ఆయన పరమపదించినారు. స్వతంత్ర భారతమును ఆయన చూడలేదు.

ఇప్పుడు లెక్క చూసుకొందాము. ప్లీడరుగా రైతుల తరఫున, పార్టీ మనిషిగా బ్రాహ్మణేతరుల తరఫున, ఏజంటుగా భారత ప్రభుత్వము తరఫున, గవర్నరుగా చక్రవర్తి తరఫున ఆయన మాటలాడినారు. ఏలూరు దావాల తీర్పులు బూజు పట్టినవి. జస్టిస్ పార్టీ 1944లో పేరు మార్చుకొని ద్రావిడ కళగమైనది. ఆయన ఎవరికి ప్రతినిధియై కూర్చున్నారో ఆ చక్రవర్తిత్వము 1947లో పోయినది. ఆయన ఎదుర్కొని ఓడిపోయిన ట్రాన్స్‌వాలు చట్టపు ధోరణి 1948 తరువాత ఇంకను కఠినమై, 1994 వరకు ఆ దేశమును పీడించి, అదియు పోయినది. మిగిలినది ఏది? ఆ పాలన కింద ఇండ్లు కోల్పోయి, కేటాయించిన పేటలకు తరలింపబడిన రోజులలో కూడ డర్బను తెలుగువారు ఆంధ్ర మహాసభను నిలుపుకొన్నారు. 1996లో దక్షిణాఫ్రికా తన కొత్త రాజ్యాంగమును వ్రాసుకొన్నప్పుడు, గౌరవించి పెంపొందించవలసిన భాషలను పేరు పేరున చెప్పిన చోట తెలుగు పేరును కూడ చేర్చినది. పరాయి దేశపు రాజ్యాంగములో మన భాష పేరు! గవర్నర్లు, చక్రవర్తులు తెచ్చిపెట్టిన గౌరవము కాదది. కూలీలుగా పోయినవారి మనుమలు, మునిమనుమలు మరువకుండ పట్టుకొన్నందున వచ్చినది. వారు చేయి కలిపిన తొలిరోజులలో భుజము తట్టిన ఒక ప్లీడరుకు అందులో కొంత పాలు ఉన్నది.

పెద్దవారి జీవితములలో మనము పూజించుటకు మాత్రమే కాదు, తూచి చూచుటకు కూడ ఉంటుంది. నాయుడు గారు ఎక్కిన గద్దెలలో ఒకటి ఎక్కకుండ ఉండవలసినది. అధికారము లేని పదవిలో, ఫీజు ఇవ్వలేని కక్షిదారుల కొరకు ఆయన చేసిన పని మాత్రము ఈనాటికి పచ్చగా ఉన్నది. వెంకటమ్మనహళ్లి నుండి వచ్చినా, విశాఖ నుండి వచ్చినా, మనము కూడ ఇంటికి దూరముగా ఉన్నవారమే. మన పిల్లలకు తెలుగు వ్రాయుట నేర్పే ఆదివారపు తరగతికి సర్కారు సహాయము అక్కరలేదు, సర్ బిరుదు అక్కరలేదు. వారమునకు ఒక గంట, ఒక నల్లబల్ల, పట్టుదల గల ఇద్దరు పెద్దలు ఉంటే చాలును. ఈ ఉగాది నాడు పచ్చడి పంచుకొనునప్పుడు ఆ పనికి ఎవరెవరు ముందుకు వస్తారో కూడ నిర్ణయించుకొందమని మనవి. చదువరులందరికి, వారి కుటుంబములకు మా నూతన సంవత్సర శుభాకాంక్షలు.